యాసిడ్‌లో వేసిన ఎముక

“అక్క ఎముకలో సగం యాసిడ్‌లో వెయ్యను, తడి తగలకుండా దాచిపెడతాను.” ఈ మాట నీదే కదా మావయ్యా? ఆపరేషన్ గది బయట నా భుజం మీద చెయ్యేసి మరీ అన్నావు.

మరి ఈ సీసాలో ఉన్నదేమిటి? వేలితో నొక్కితే తడి స్పాంజిలా లోపలికి పోతోంది. విరిగితే తీసేసిన అమ్మ తుంటి గుండు ఇది, సగం కాదు, మొత్తం. ఇంత ఇంటినీ మోసిన ఎముక.

అలవాటా? సరే, ఒప్పుకుంటాను. ఈ ల్యాబుకి ఏ ఎముక వచ్చినా ముందు యాసిడ్‌లోకే పోతుంది. గట్టిదనం కరిగితేనే నీ కత్తికి పల్చగా తెగుతుంది, అద్దం మీద కణాలు కనబడతాయి. కానీ మనకు కావలసింది కణాలు కాదు కదా. నువ్వు కరిగించి పారబోసిన ఆ గట్టిదనమే.

విడమరిచి చెప్పింది కూడా నువ్వే. బోలు ఎముకల జబ్బంటే లోపల ఖాళీలు పడటమే అనుకున్నాను. అంతే కాదురా, మిగిలిన ఎముక కూడా మునుపటి ఎముక కాదన్నావు. కాల్షియం, ఫాస్ఫేటు పాళ్లు తగ్గుతాయట. మధ్యలో కార్బొనేటు చొరబడుతుందట. వాటిని పట్టి ఉంచే మాంసకృత్తుల అల్లిక పెళుసెక్కుతుందట. ఇది వయసు చేసిన పనో, కంపెనీలో ఇనుప సామానుకి కాడ్మియం పూత వేసే తొట్టి దగ్గర అమ్మ పీల్చిన పొగ చేసిన పనో ఎక్స్‌రే చెప్పదు, ఎముకలోని ఖనిజాన్నే అడగాలి అన్నావు. నేను నమ్మాను.

కంపెనీ డాక్టరు మాత్రం ఏమీ అడగకుండానే వయసు అనేశాడు. నలభై ఎనిమిదేళ్లకి వయసట.

నవ్వకు. నాకు నినాదాలు తప్ప ఏమీ రావని నీకు లోకువ. వార్డులో నేను ‘చేసే చేతికే చెప్పే హక్కు’ అని ఉపన్యాసం మొదలుపెడితే, ముందు ఆ చేత్తో గ్లాసు కడిగి పెట్టరా నాయనా అంది అమ్మ. వార్డంతా నవ్వింది, నువ్వూ నవ్వావు. ఆ పూట నువ్వు మా పక్షమే అనిపించింది.

ఆ తర్వాతే కదూ కంపెనీ మేనేజరు నీ గదికొచ్చి కూర్చున్నాడు? ఊరికే వచ్చాడా? సరే, ఊరికేనే అనుకుందాం. నేనేమీ అనలేదు. మరి నువ్వెందుకు కిటికీ వైపు చూస్తున్నావు?

అమ్మ సంగతి వదిలెయ్. లేచి నడుస్తుందో లేదో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఆ తొట్టి దగ్గర అమ్మ చోట నిలబడుతున్నది చెల్లి. నీ భుజాలెక్కి వీధంతా తిరిగిన పిల్ల. మొన్న తడి దుప్పటి పిండుతుంటే మణికట్టు పుటుక్కుమంది. ఇరవై ఒక్కేళ్ల పిల్లకి. దానికీ వయసే అంటారా?

వద్దే, ఇక పనికి పోకే అని బతిమాలాను. నావైపు జాలిగా చూసింది. “మావయ్య పరీక్షలో ఏమీ తేలలేదన్నాడుగా అన్నయ్యా, ఇంకెందుకు భయం?” అంది.

ఏమీ తేలలేదు. ఎంత నిజం చెప్పావు మావయ్యా. కరిగిపోయిన దాంట్లో ఏం తేలుతుంది?

మార్చి పన్నెండున కట్టు విప్పుతారు, మర్నాడే డ్యూటీ. నేను చెబితే నినాదం అంటుంది. నువ్వు చెబితే ఆగుతుంది. ఎందుకు తేలలేదో, ఎవరి మాట మీద తేలలేదో దాని ఎదుట కూర్చుని నువ్వే చెప్పాలి. చెబుతావో లేదో నాకు ఇప్పుడే చెప్పక్కర్లేదు.

మార్చి పదకొండు సాయంత్రంలోగా చెప్పు.