దయ్యాల కొలతలు

అమెరికాలోని టెన్నెసీలో అంతర్యుద్ధం ముగిసి, నల్లవాళ్ల బానిసత్వం పోయి రెండేళ్లయింది. తెల్ల ముసుగుల రౌతులు వచ్చి, ఆదివారం నుంచి నల్లవాళ్ల బడి తెరవకూడదని బెదిరించి పోయిన మర్నాటి పొద్దున, గుమ్మంలో బట్టలు కుడుతున్న భార్య పక్కన భర్త చతికిలబడ్డాడు.

"షైలో యుద్ధంలో చచ్చిన సిపాయిల దయ్యాలమన్నారు. విన్నావుగా."

"విన్నా. ఆ పొడుగు దయ్యం అంగీ అంచు చూశావా?"

"వణికి చస్తుంటే అంచులు చూస్తానా?"

"నా కుట్టే అది. తన కొడుకూ వాడి నేస్తాలూ సరదాకి వేషాలు కడతారంటూ మార్లో దొరసాని ఆరు దుప్పట్లు ఇచ్చింది. ఆరుగురికీ కొలతలు తీసింది నేనే. చచ్చినోళ్లకి కొలతలెందుకయ్యా?"

"ఊరుకోవే. పేర్లు చెబితే ఇల్లు తగలబెడతారు."

"చెప్పకపోతే బడి పోతుంది. నలభై ఏళ్లకి పలక పట్టాను, వదలను."

"ఊళ్లో ఉన్న ఉత్తరాది సైన్యం ఆఫీసరుకి చెప్పినా, నీ మాట నమ్ముతాడా?"

"ముళ్లేసిన కొలత దారాలు ఆరూ దాచాను. పేర్లు రాసి వాటికి కడతాను. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి కొలుచుకోమంటాను."

ముందు దిద్ది చూసుకోడానికి ఆమె పలక తీసుకుంది. భర్త గోడకానుకుని చాలాసేపు చూశాడు.

"ఐదే రాశావేం?"

"ఆరోవాడు విట్లో. వాడి పేరులో మొదటి అక్షరం బళ్లో ఇంకా చెప్పలేదు."

"మరెట్లా?"

"ఆదివారం బళ్లో నేర్చుకుంటా. సోమవారం ఆఫీసరు దగ్గరికి పోదాం."

అతను లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఆదివారం నేనూ వస్తా. నాకు మొదటి అక్షరమే రాదు."