ఆదెమ్మ పెట్టిన పొగ

ఆదెమ్మని మెంబరుగా నిలబెట్టింది ఆలత్తే. తిప్పపాలెంలో ఆ వార్డు ఆడోలకని రాసీసినారంట. ఊర్లో ఆడోలంతా నోట్లో కొంగెట్టుకుని ఎనక్కి పోతంటే, ఆలత్త గున్నమ్మ ముందుకొచ్చి, "మా కోడలు పై ఊరి పిల్ల, ఏడో క్లాసు సదివినాది, సంతకం పెడతాది, దాన్నెయ్యండి" అన్నాదంట. పై ఊరంటే తెలుసు కదా, సంద్రం కనపడని ఊరు, వరి పండీ ఊరు. అక్కడి నుంచి కొర్లయ్యని సేసుకుని మా కాడికొచ్చినాది. పెల్లై అప్పటికి రెండు వర్షాకాలాలైనాయి అనుకో. ఇంకా సెల్లు ఫోన్లు లేవు అప్పటికి, అది గుర్తెట్టుకోండి, లేపోతే తరవాత నన్ను అడ్డ ప్రశ్నలేస్తారు. ఆ బాబు నా మాట రాసుకుంటన్నాడు, నిదానంగానే సెప్తాను.

ఏటంటే, ఆదెమ్మకి సంద్రమంటే బయ్యం. ఎవలికీ సెప్పుకోలేదు ఆ మాట. మెంబరమ్మకి బయ్యమేటని నవ్వుతారని. తెల్లారగట్ల మొగుడు నావ తోసుకుని ఎల్తంటే, అత్త పక్కన నిలబడి సూసీది. మొదటి కెరటం మీద నావ ముక్కు పైకి లెగుస్తాది సూడండి, అక్కడ దీని గుండె ఆగిపోయీదంట. ఆడు సాయంత్రం మల్లీ ఇసక మీద కాలెట్టీదాకా ఏ పని సేస్తన్నా సెవి ఒకటి అటే ఉండీది. గున్నమ్మ కోడలికి అన్నీ నేర్పినాది. "ఒలే, మొగుడు ఎల్లీటప్పుడు ఏ సీర కట్టుకుని సాగనంపినావో, ఆడొచ్చీదాకా ఆ సీరే కట్టుకుని ఉండాల. దూరం నుంచి ఆలకి ఎవలి మొకమో గుర్తు తెలీదు, సీరే తెలుస్తాది. ఎవలి ఆడది ఒడ్డు మీద ఉన్నాదో అలా పోల్చుకుంటారు" అన్నాది. అలా అన్నీ నేర్పినాది కానీ ఒక్కటి నేర్పలేదు. ఆ ఒక్కటీ మా ఊర్లో ఏ అత్తా ఏ కోడలికీ సెప్పదు. నోటితో అంటే పిలిసినట్టేనని బయ్యం. అదేటో మీకిప్పుడే సెప్పను, ఆదెమ్మకి తెలిసినప్పుడే మీకూ తెలుస్తాది.

ఇంక దిబ్బ సంగతి. నావలు లాగీ కాడ, ఇల్లకీ సంద్రానికీ మద్దిన, పెద్ద సెత్తదిబ్బ ఉండీది. సేపల పేగులు, సిరిగిన వలలు, గోనెలు, పాత టైర్లు, ఏదుంటే అది. ఒడ్డు మీద దానికి మించిన ఎత్తు లేదు. ఆ ఏడు వానలకి అదంతా కుల్లి ఊట దిగి, పిల్లలకి వాంతులూ ఇరోసనాలూ పట్టుకున్నాయి. ఆదెమ్మ పంచాయితీ ఆఫీసుకెల్లి దండం పెట్టినాది, ట్రాక్టరు పంపండి బాబూ అని. ట్రాక్టరు రిపేరు అన్నారు. మల్లీ ఎల్లినాది. డ్రైవరు లేడు అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దోలు. ఇటు నుయ్యి కాడ ఆడోలేమో, "మెంబరమ్మా, నీ కుర్సీ ఎత్తా, మా దిబ్బ ఎత్తా?" అని ఏలాకోలం. నవ్వీసీది కానీ ఇంటికొచ్చి అన్నం ముద్ద దిగీది కాదంట. ఇంతలో కబురొచ్చినాది, బేస్తారం నాడు మండలం నుంచి ఆఫీసరొస్తాడు, ఊరు సుబ్బరంగా ఉంటే కులాయి ఇస్తారు అని. ఆదెమ్మ అనుకున్నాది, ట్రాక్టరు రాకపోతే పోనీ, నాకు అగ్గిపెట్టె లేదేటి అని.

బేస్తారం సంత రోజు. ఊర్లో ఆడోలంతా ఎండుసేపల గంపలు నెత్తినెట్టుకుని తెల్లారీసరికే సంతకెల్లిపోనారు, గున్నమ్మతో సహా. మగోలు సంద్రం మీద. ఊర్లో మిగిలింది ముసిలోలూ పిల్లలూ, ఆఫీసరు కోసమని ఆగిపోయిన ఆదెమ్మానూ. డబ్బాడు కిరసనాయిలు పోసి దిబ్బకి అగ్గెట్టీసినాది. అంటుకుంది బాబూ. పైనున్న గోనెలు గబగబా కాలి బూడిదైపోనాయి, కిందున్న టైర్లూ వలలూ అంటుకుని నల్లటి పొగ, నిలువుగా, తాడిచెట్టుకి తాడిచెట్టు ఎక్కినట్టు లెగిసిపోనాది. ఆదెమ్మకి ఎంత సంబరమంటే, నా వార్డుకి నాను పని సేసినాను అని ఒక్కర్తీ నవ్వుకున్నాదంట. ఒల్లంతా మసి, కంపు. ఆఫీసరు ముందు ఇలాగేటి నిలబడతాను అనుకుని ఇంటికెల్లి తానం సేసినాది. పొద్దున్న మొగుణ్ణి సాగనంపిన పసుప్పచ్చ సీర బకెట్లో నానబెట్టీసి, ఆకుపచ్చ సీర కట్టుకున్నాది. అత్త మాట గుర్తు రాలేదేటంటే వొచ్చినాది. ఒక్క గంటే కదా, నా మొగుడొచ్చీలోగా ఆరబెట్టి మల్లీ పసుప్పచ్చదే కట్టీస్తాను అనుకున్నాది. అలా అనుకునీ మనం అన్నీ సేస్తాం.

సీర సర్దుకుంటా ఒడ్డుకొచ్చీసరికి, మా ఊరి ముసల్ది ముత్తేలప్ప కర్ర పొడుసుకుంటా ఇసకలో పడతా లెగుస్తా వొస్తన్నాది. ముత్తేలప్పకి మొగుడూ కొడుకులూ అందరూ సంద్రంలోనే పోనారు, ఇప్పుడు నావెక్కీవోడు ఒక్కడూ లేడు ఆవిడికి. వొస్తానే, "ఎవలే, ఎవలు పోనారే?" అన్నాది. ఆదెమ్మకి అర్దం కాలేదు. "ఎవలూ పోలేదప్పా, సెత్త కాలస్తన్నాను, ఆఫీసరొస్తాడని" అన్నాది. ముసల్ది ఇసకలో కూలబడిపోనాది. "సెత్తా" అన్నాది. మల్లీ "సెత్తా" అన్నాది. అప్పుడు సెప్పినాదంట ఎవలూ సెప్పని మాట. "మగోలు సంద్రం మీదుండగా ఊర్లో ఎవలైనా సచ్చిపోతే ఒడ్డు మీద పొగెడతామే పిల్లా. అది సూస్తే ఎక్కడున్నోడక్కడ వల ఒదిలీసి వొచ్చీయాల, పాటు లేదు పోటు లేదు, ఏ నావైనా సరే. సచ్చింది నా పెల్లామా నా తల్లా నా బిడ్డా అని గుండె సేత్తో పట్టుకుని వొస్తారు. ఇప్పుడేమో పాటు, నీల్లు లాగీసినాయి. మొగలో ఇసక తిప్ప మీద మోకాల్లోతు లేదు. సూడు, కెరటం ఎలా ఇరిగి పడతన్నాదో." మొగ అంటే మా ఏరు, గెడ్డంటాం, అది సంద్రంలో కలిసీ సోటు, మా నావలకి అదే దారి. పోటు మీద అమ్మ ఒడి, పాటు మీద నావని కొబ్బరికాయలా కొట్టీస్తాది.

ఆదెమ్మ తలెత్తి సూసినాది. దూరంగా సంద్రం అంచు మీద ఉన్న తెరసాపలన్నీ ఊరేపు తిరిగిపోనాయి. అన్నీ. తను తిప్పినాది ఆటిని. పరిగెట్టి రెండు సేతుల్తో ఇసక తోడి దిబ్బ మీద పోసినాది, పోసినాది, పోసినాది. టైర్లు ఆరతాయేటి. పొగ ఇంకా ఎక్కువైనాది కానీ తగ్గలేదు. ఇంతలో రోడ్డు మీంచి ఆడోలు వొచ్చి పడినారు. సంత నుంచి పొగ సూసి గంపలక్కడే ఒదిలీసి, ఎవలు పోనారో ఏ ఇల్లు కూలినాదో అని ఏడుస్తా పరిగెట్టుకొచ్చినారు. సంగతి తెలిసినాది. కొట్టీస్తారు అనుకున్నాదంట ఆదెమ్మ. కొడితే బాగుణ్ణు అనుకున్నాదంట. గున్నమ్మ కోడలేపు ఒక్క సూపు సూసి, తిట్టలేదు. తిట్టడానికి టయిం ఉందేటి. "జుట్లిప్పండే" అన్నాది, అంతే.

ఇది కూడా సెప్తాను ఇనండి. నావలు రావొద్దు, అక్కడే ఆగండి అని సెప్పాలంటే సెయ్యూపితే కుదరదు. దూరం నుంచి సెయ్యూపినా గుడ్డూపినా రమ్మన్నట్టే కనపడద్ది. అందుకని ఆడోలంతా వరసగా నిలబడి, జుట్లిరబోసుకుని, సంద్రానికి ఈపు పెట్టాల. నల్లటి జుట్లు వరసగా కనపడితే, మొగ బాలేదు, రావొద్దని. ఒక్క మొకం తిరిగినా సాలు, రమ్మన్నారనుకుని వొచ్చీస్తారు. అందుకే నావ మీద మనిసున్న ఆడది ఎవలూ ఎనక్కి సూడకూడదు. సూసీది సంద్రంలో ఎవలూ మిగల్నోల్లే. ఆ రోజు వరస సాటు నుంచి, మొకం కనపడకుండా, ముత్తేలప్ప సూసినాది.

నిలబడినారు. ఎదురుగా ఇల్లు, ఎనకాల సంద్రం. మొగుడో కొడుకో ఎనక సస్తన్నాడో బతుకుతన్నాడో తెలీదు, కెరటం ఇరిగిన సప్పుడు మట్టుకు ఈపుకి కొట్టినట్టు ఇనపడతన్నాది. ఆదెమ్మ ఎప్పుడూ ఏ సంద్రాన్ని సూసి బయపడిందో, ఇప్పుడు దాన్ని సూడకుండా ఉండీదే ఎక్కువ బయ్యమైనాది. ముత్తేలప్ప సెప్తన్నాది, "మొగకి అవతల దాకా వొచ్చినారు... మనల్ని సూసినారు... ఆగతన్నారు. తెరసాపలు దించతన్నారు, సల్లగుండాల తల్లీ." అప్పుడేటైందంటే, ముసల్ది సెప్పడం ఆపీసినాది. కాసేపయ్యాక, "ఒకటి ఆగలేదు" అన్నాది.

ఎవలిదీ అని ఎవలూ అడగలేదు. నాది కాకూడదని ప్రతోలికీ ఉంటాది కదా, ఆ ఆశ ఒదులుకోలేక నోరు తెరవలేదు. ముసల్దే అన్నాది, "ఎర్ర మాసికేసిన తెరసాప" అని. కొర్లయ్యది. ఆదెమ్మ మెడ తిరగబోయినాది, గున్నమ్మ దాని మనికట్టు పట్టుకుని నొక్కీసినాది. ఆవిడికీ కొడుకే కదా బాబూ, ఒక్కడే కొడుకు. "తిరిగినావా, మిగిలినోలంతా వొచ్చి సస్తారు" అన్నాది. అంటానే కోడలేపు ఓరకంట సూసినాది. ఆకుపచ్చ సీర. "నీ సీరేదే?" అన్నాది. మాటలో కోపం లేదు, నీరసం ఉన్నాది. "ఆడు వరసలో పసుప్పచ్చ సీర ఎతుక్కుంటన్నాడే. లేదది. పోయింది నువ్వే అనుకున్నాడు. ఇంక ఆడెందుకాగుతాడు?"

ఆదెమ్మ పరిగెట్టినాది. ఇంటేపు పరిగెడితే సంద్రానికి ఈపే కదా, అది బాగానే ఉన్నాది. బకెట్లోంచి సీర లాగినాది, పిండలేదు, ఆకుపచ్చ దాని మీదే సుట్టీసినాది. మరి తిరిగెలా రావాల? మొకం సంద్రానికెట్టి రాకూడదు. ఎనక్కి నడుసుకుంటా వొచ్చినాది. తడి సీర కాల్లకి సుట్టుకుంటన్నాది, పడతన్నాది, లెగుస్తన్నాది, తన ఇల్లు తన కల్లముందే దూరమైపోతన్నాది. ఎనకనుంచి ముత్తేలప్ప, "ఎడమకి రాయే... నీల్ల కుండుంది సూసుకో... రా, రా" అంటన్నాది. వరస కాడికొచ్చినాక ముసల్ది, "ఇక్కడ కాదే, పొగలో ఆడికి నువ్వు కనపడవు. ఎత్తు మీదకెక్కు" అన్నాది. ఒడ్డు మీద ఎత్తేది? ఆ దిబ్బే. నుయ్యి కాడ ఆడోలు ఏలాకోలమాడినారు సూడండి, కుర్సీ ఎత్తా దిబ్బ ఎత్తా అని, అదే. ఒక పక్క మండతన్నాది, ఒక పక్క బూడిదైనాది. ఆ బూడిద పక్క నుంచి ఆదెమ్మ ఎనక్కి ఎనక్కి ఎక్కినాది. పైన బూడిద, లోపల నిప్పులు. జుట్టిప్పుకుని, పసుప్పచ్చ కొంగు బారుగా ఒదిలి, సంద్రానికి ఈపెట్టి నిలబడినాది. తడి సీర అంచు సుయ్ మన్నాదంట. కాలు మార్సలేదు. మారిస్తే ఒల్లు తిరుగుద్దేమోనని బయ్యం.

ఒక కెరటం ఇరిగినాది. ఇంకోటి ఇరిగినాది. ఆ రెండో సప్పుడులో కర్ర పెటేలుమన్న సప్పుడొకటి ఇనపడింది. వరసలో ఎవలో కుమిలినారు. ఆదెమ్మ మనసులో, అమ్మోరు తల్లీ, నన్ను తీసుకో, నా పొగకి నన్ను తీసుకో అనుకున్నాదంట. అప్పుడు ముసల్ది, "తిప్పినాడు" అన్నాది. "తెడ్డిరిగిపోనాది. నావ నిండా నీల్లు. కానీ తిప్పినాడే, బయటికి తిప్పినాడు." ఒక్కర్తీ కదల్లేదు. పోటు ఎక్కీదాకా, నీల్ల సప్పుడు మారీదాకా, ఎండ నెత్తి మీంచి పక్కకి వాలీదాకా అలాగే నిలబడినారు. ఆదెమ్మని దిగమన్నారు, దిగలేదు. ఆకరికి ముత్తేలప్ప "తిరగండే" అంటే తిరిగినారు. ఆదెమ్మ మట్టుకు తిరగలేక కూలిపోతే అత్త భుజానేసుకుని దించినాది.

నావలన్నీ వొచ్చినాయి. దిగిన ప్రతోడూ మొదట అడిగిన మాట, "ఎవలు?" అని. ఎవలూ లేరు, సెత్త అంటే, కొందరు నవ్వినారు, కొందరు బూతులు తిట్టినారు, ఒకడైతే వల మీద పడి ఏడిసినాడు. కొర్లయ్య ఇరిగిన తెడ్డుముక్క ఒదలకుండా వొచ్చి పెల్లాం కాడ కూకున్నాడు. నావలో ఉన్నోలు వొద్దురా అని సెయ్యి పట్టుకుంటే ఇదిలించుకున్నాడంట ఆడు. ఆదెమ్మ కాల్లు సూసినాడు. "నిన్ను మొయ్యడానికి వొస్తన్నానే నాను" అన్నాడు. అత్త సంగతి సెప్పనా? ఆ రాత్రి కోడలి కాల్లకి కొబ్బరినూని రాస్తా, "తప్పు నాదీ ఉన్నాది, సెప్పలేదు" అన్నాదంట. గున్నమ్మ నోట ఆ మాట రావడం అదే మొదలు, అదే ఆకరు.

ఆఫీసరా? ఆ రోజు రాలేదు. ఆ మల్లీ వారం వొచ్చి, దిబ్బ లేని ఒడ్డు సూసి, మెంబరమ్మ బాగా పని సేసినాదని మెచ్చుకుని కులాయి రాసిచ్చి ఎల్లిపోనాడు. మెంబరమ్మ ఎందుకు కుంటుతున్నాదో అడగలేదు. ఆదెమ్మ పంచాయితీలో పట్టుబట్టి ఒడ్డు మీద బోర్డొకటి పెట్టించినాది, ఇప్పటికీ ఉన్నాది, 'ఇక్కడ చెత్త తగలబెట్టరాదు, పొగ ఆరోగ్యమునకు హానికరము' అని. సదువుకున్నోలు సదివి మంచి ఊరే అంటారు. ఊరికి కొత్త కోడలొచ్చినప్పుడల్లా ఆదెమ్మ ఆ బోర్డు కాడికి తీసుకెల్లి, దాని మీద రాయని మాటంతా సెప్తాది. అసుబమే తల్లీ అని ముసిలోలు గోల పెడితే, "సెప్పకపోతేనే అసుబం" అంటాది. ఇప్పుడు ఫోన్లొచ్చినాయి, పొగతో పని లేదు. అయినా మా ఊర్లో ఏ పొయ్యి కాస్త ఎక్కువ పొగొదిలినా సంద్రం మీద మగోలు తల తిప్పి సూస్తారు. సూసి, ఆదెమ్మ పొగరా అని నవ్వుకుంటారు. నవ్వుతానే ఒడ్డు మీద ఎవలి ఆడదాని సీర ఆల్లు ఎతుక్కుంటారు. అదీ కద. ఇంక లెగండి, ఇల్లకాడ మీ పొయ్యిల మీద ఏటి మాడతన్నాదో సూసుకోండి.