చిన్నప్ప ఉపదేశి దాసుకున్న సగం

ఏందే సుకన్యా, గా పుస్తకమేందో జర ఇటు తే. సత్యోపదేశమా? ఆదివారం గుళ్లె పోరగాండ్లకు నువ్వే చెప్తానవా? మంచిదే బిడ్డా, కూసో. నా కండ్లద్దాలు యాడ వెట్టిన్నో... ఆఁ, నెత్తి మీదనే ఉన్నయ్. ఏ పాఠం? ఎనిమిదో ఆజ్ఞనా? అబద్ధమాడొద్దు, అంతేనా? ఇంకేం రాశిన్రు కింద? ఏం లేదా? మూయి. మూయి ఆ పుస్తకం. ముందు నేను చెప్పేది ఇను, తర్వాత వోయి చెప్పుకో. నీ ఫోను కూడ పక్కకు వెట్టు.

మా ఊర్లె చిన్నప్ప అని ఉపదేశి ఉండె. నువ్వెరుగవ్, మీ నాయిన కూడ ఎరుగడు. వర్ధన్నపేట అవతల మా ఊరు, గడ్డి కప్పిన గుడి. ఫాదరు ఇటలీ ఆయన, నెలకొక్కసారి ఓరుగల్లు నుంచి ఫటఫట బండి మీద వచ్చి పూజ చేసి పోయేది. మిగిలిన దినాలన్నీ చిన్నప్పదే రాజ్యం. సావైనా పెండ్లైనా పాఠమైనా ఆయనే. పెద్దబాపూ అని పిల్సేదాన్ని. సంకల పుస్తకం, చేతిల సింతబరిగె. బరిగె నేలకు కొట్టుకుంట అడిగేది, 'చావైన పాపం కావాల్నంటే ఎన్ని ఉండాలె?' 'మూడు పెద్దబాపూ!' 'ఏమేమి?' 'తప్పు పెద్దది కావాలె, తప్పని పూర్తిగ తెల్వాలె, పూర్తి ఇష్టంతోటి చెయ్యాలె!' నిద్రల లేపినా చెప్పేదాన్ని. బీపీ గోలీ ఏసుకున్ననో లేదో యాదికుండది గని, అది మాత్రం ఇప్పటికీ మర్శిపోలే. ఇగ ఎనిమిదో ఆజ్ఞ అంటే ఆయనకు పూనకమే. 'పీక మీద కత్తి వెట్టినా అబద్ధమాడొద్దు! ఎవలడిగినా సరే, ఉన్నదున్నట్టే చెప్పాలె!' అని గుడి కప్పు ఎగిరిపోయేటట్టు ఒర్లేది. ఎవలడిగినా సరే, అన్నడు. గా మాట యాదివెట్టుకో.

మా అన్న శౌరి, ఊరి దొర కాడ జీతం ఉండె. జీతమంటే మీ నాయిన ఆఫీసు జీతం కాదు పిల్లా, గొడ్డును కట్టేసినట్టు ఏండ్లకేండ్లు కట్టేసుకునేది. ఒకనాడు జరమొచ్చి పండుకుంటే దొర మనిషొకడు ఇంటికొచ్చి కాలుతోటి తన్నిండు. మా అన్న లేశి వాన్ని ఒక్కటి గుద్దిండు. గుద్ది ఉరికిండు. దొర మనిషిని కొట్టినంక బతుకనిస్తరా? చిన్నప్పనే తీస్కవోయి గుడి అటుక మీద, క్రిస్మస్ పశువులపాక సామాన్ల ఎనుక దాసిండు. అవును, ఆయనే దాసిండు, కాదంటానా? 'రేపు పొద్దూకినంక ఓరుగల్లుల ఫాదరు కాడికి దాటిస్త' అన్నడు. ఆయనకు, మా అవ్వకు, నాకు, ముగ్గురికే ఎరుక. పొద్దుగాల గటుక కొంటవోయి ఇచ్చింది నేనే. 'ఉప్పు తక్కువైందే' అన్నడు మా అన్న. గదే ఆఖరి మాట.

పగటీలి దొర మనుషులిద్దరు వచ్చిన్రు. ముందుగాల గుడి కాడికే వోయి చిన్నప్పను అడిగిన్రు. ఆయన, నెత్తి మీద అటుకల మా అన్న ఉండంగ, 'నేను సూడలే బాంచెన్, ఇటు రానేలే' అన్నడు. ఈ సంగతి నాకు తర్వాత తెల్సింది. ఆడికెళ్లి బాయి కాడికొచ్చిన్రు. నేను బట్టలు పిండుతాన. పదిహేడేండ్లు నాకు. 'నీ అన్న యాడున్నడే?' నోరిప్పలే. మల్ల అడిగిన్రు. ఇప్పలే. అండ్ల ఒకడు నవ్వుకుంట, 'కిరస్తానపోళ్లు అబద్ధమాడరట గదరా, దేవుని మీద ఒట్టేసి చెప్పుమను' అన్నడు. వాని నోట్లె మన్నువడ! ఆ వచ్చే ఆదివారమే బిషప్పు వస్తాండు, నుదుట నూనె వెట్టి నాకు భద్రమైన అభ్యంగనం ఇయ్యనీకె, పాపం లేకుండ నిలవడాలె. చెవులల్ల ఒక్కటే బరిగె సప్పుడు. చెప్పిన. 'గుడి అటుక మీద' అన్న. మూడే మాటలు.

మా అన్నను దొర గడిల కట్టేసి కొట్టిన్రు, దాసిండని చిన్నప్పను కూడ కొట్టి ఇడిశిపెట్టిన్రు. మూడో దినం మా అన్న పీనుగనిచ్చిన్రు. మా అవ్వ నన్ను ఒక్క మాట అనలే సుకన్యా. తిట్టినా బాగుండు. అనకనే సచ్చిపోయింది.

మట్టి వెట్టినంక చిన్నప్ప వచ్చి అరుగు మీద కూసున్నడు. 'బిడ్డా, ఎందుకు చెప్పినవే? నేనన్నట్టు తెల్వదంటే ఐపోతుండె గదా.' నాకు నెత్తి మీద పిడుగు వడ్డట్టైంది. 'నువ్వు అబద్ధమాడినవా పెద్దబాపూ?' 'అది అబద్ధం కిందికి రాదు బిడ్డా. అడిగే హక్కు లేనోనికి నిజం చెప్పాల్నని తిరుసభ ఎన్నడు చెప్పలే. సంపెటోనికి దారి సూపియ్యాల్నని ఏ ఆజ్ఞల లేదు.' 'మరి గా మాట మాకు ఒక్కనాడన్న చెప్పినవా?' తలకాయ దించిండు. ఏమన్నడో తెల్సా? 'సదువు రానోళ్లు గదా, సందిస్తే అన్నిటికీ అబద్ధమాడుతరని...' సూడు! సూడు ఎంత మాటో! మేం ఆగమైతమని మాకు సగమే చెప్పి, మిగిలిన సగం ఆయన జేబుల వెట్టుకున్నడు! చెప్పేటివి శ్రీరంగనీతులు. కిరస్తానామె నోట్లె శ్రీరంగమేందని నవ్వకు, నాకు మండుతాంది. మా అన్న పాణం గా రెండో సగంల ఉండెనే.

ఫాదరొచ్చిన్నాడు, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వోయిన. మోకాళ్లూని, నిజం చెప్పిన స్వామీ, మా అన్న సచ్చిండు, అని చెప్పిన. ఆయనకొచ్చిన తెలుగుల, 'నీకు తెలియదు కదమ్మా, నీకు పాపం లేదు' అన్నడు. మంచాయన, కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. గని పాపమే లేదంటే దేనికి మన్నింపు ఇస్తడు? మూడు ఉండాలె గదా, నాకు రెండోది లేకపాయె. అందరు ఏదో ఒక పాపం ఆడ దించుకొని ఇంటికి వోతాన్రు, నేను ఎత్తుకవోయింది మల్ల ఎత్తుకొచ్చుకున్న.

చిన్నప్ప సచ్చేముందు కబురు వంపిండు, 'ఒక్కపాలి వచ్చి పొమ్మను' అని. రెండుసార్లు వంపిండు. పోలే. మీ తాత బతిమిలాడిండు, పోలే. మట్టికి కూడ పోలే. ఏంది? తప్పా? నువ్వు నాకు చెప్తానవా? యాభై ఏండ్ల సంది పరలోక జపంల, మాకు తప్పు చేసినోళ్లను మేం మన్నించినట్టు అనే మాట కాడికి రాంగనే నోరు మూస్త. పక్కన నిలవడ్డోళ్లకు ఎవలకూ తెల్వది. ఇయ్యాల నీకు చెప్తాన.

అవునే, పాపం ముసలోడేనే. మా అన్నను దాసింది ఆయనే, దొరకు ఎదురు నిలవడ్డది ఆయనే, ఆ దెబ్బల పాలైంది కూడ ఆయనే, నాకు తెల్వదా? గని ఆయనను మన్నిస్తే, ఇగ మిగిలేది నేనే గదనే.

లే, లే. పప్పు మాడ్తాన వాసనొస్తాంది, పొయ్యి బందువెట్టు.