పళ్ళరిగిన ఆవు

గణపవరంలో, పశువుల సావిట్లో కూర్చుని తాత ముసలి గేదెకి పచ్చగడ్డి సన్నగా తరుగుతున్నాడు. ఏలూరు అవతల మెట్టలో పాతకాలపు సమాధులు తవ్వే పనిలో ఉన్న మనవరాలు, సెలవుకి వచ్చి పక్కన కూర్చుంది.

“రేపు బేరగాడొస్తాడండి తాతయ్యా. గేదెని ఇచ్చేయడానికి మిమ్మల్ని ఒప్పించమన్నారు నాన్న. ఎప్పుడో వట్టిపోయింది, పళ్ళు కూడా అరిగిపోయాయి కదండీ.”

“పళ్ళు నాకూ లేవమ్మా. నన్నూ ఇచ్చేస్తారా ఏంటి?”

“మీ బేరం ఇంకా రాలేదులెండి.”

“సరేగానీ, మీ తవ్వకంలో ఏం దొరికిందో చెప్పు.”

“వేల ఏళ్ళ నాటి మనిషండి. పశువుల్ని మేపుకునే జనం. పక్కనే ఒక ఆవు ఎముకలు కూడా ఉన్నాయి.”

“కోసుకు తిన్నారా?”

“మేమూ అలాగే అనుకున్నామండి. కానీ ఎముకల మీద ఒక్క గాటూ లేదు. పళ్ళు చిగుళ్ళదాకా అరిగిపోయాయి. కాలు విరిగి, మళ్ళీ అతుక్కుంది.”

“అతుక్కుందా? అయితే అన్ని నెలలూ అది మేతకెళ్ళి ఉండదు.”

“మరి ఎలా బతికిందంటారు?”

“ఇందులో తెలియందేవుందే. ఎవరో రోజూ గడ్డి తెచ్చి నోటికందించారు. పాలివ్వదని తెలిసే పెట్టారు. పోయాక పక్కనే పడుకోబెట్టారు.”

“ఇది మా సార్‌కి చెప్పాలండి.”

“చెప్పు. మరి బేరగాడికేం చెబుతావు?”

“రావద్దని చెప్పమని నాన్నకి ఫోన్ చేస్తానండి. ముందు ఆ కత్తిపీట ఇటు జరపండి. ఎంత సన్నగా తరగాలో చూపిద్దురుగాని.”