బాలెక్క చెవులపిల్లులు, కుళ్లాయప్ప కట్టె

బాలెక్క అని ఒకామె ఉన్నిందంట. మనిషి బక్కపల్చన, నోరు మాత్రం ఊరంత అనుకో. ఆమె మొగుడు కుళ్లాయప్ప వేటగాడు. ఆయప్ప కట్టె ఇసిరినాడంటే పారే చెవులపిల్లి, అదే కుందేలు, బోర్లా పడాల్సిందే, గురి తప్పేది లేదు. చెవులపిల్లి కూరంటే ప్రాణం. సంగట్లోకి ఆ పులుసుంటే పెండ్లాం ఎంత తిట్టినా చెవిన పడేది కాదంట. ఒరే, నవ్వేదానికి ఇంకా శానా టైముంది, ముందు వినండి. ఏమైందంటే, ఒక పొద్దు పెద్దిరెడ్డి సద్ద చేను కోతకొచ్చింది. మీకు తెలుసు కదా, నాలుగు పక్కలనుంచీ కోసుకుంటా వస్తే చేలో ఉండే పురుగూ పుట్రా, పిట్టా పిల్లా అంతా నడిమద్దెన మిగిలిన కాస్త పైరులోకి దూరుకుంటాయి. అందుకని ఆఖరి వరస, ఆ ఆఖరి మునుము కాడికొచ్చేసరికి మొగోళ్లు కొడవళ్లు పక్కన పడేసి, కట్టెలు పట్టుకోని సుట్టూ నిలబడతారు. ఆ పొద్దూ నిలబడినారు. తల్లి చెవులపిల్లి ఒకటి సర్రుమని లేచి, యాడా సందు లేక, పెద్దిరెడ్డి కాళ్ల మధ్యన దూరి పారింది. రెడ్డి ఎల్లకిలా పడినాడు. కుళ్లాయప్ప కట్టె ఎత్తినాడు గానీ, ఇసిరితే రెడ్డి మొగానికి తగులుతాదని ఆపుకున్నాడంట. మిగిలినోళ్లు కుయ్యోమొర్రోమని దాని ఎనక పడినారు. దొరుకుతాదా అది? గుట్టెక్కింది, పోయింది.

బాలెక్క మాత్రం కోత ఆపలేదు. మీరు మీరు పరిగెత్తండి, నా మునుము నేను కోస్తానని వంచిన నడుం వంచినట్లే కోస్తా పోతే, సద్ద దుబ్బు కింద రెండు కూనలు. పిడికిలంత లేవంట. కండ్లు తెరుచుకోని ఈమెనే చూస్తాండాయి. గమ్మున ఎత్తి ఒళ్లో కట్టుకునింది. మొగోళ్లు ఒట్టి చేతుల్తో రొప్పుకుంటా వచ్చి, ఏముంది వదినా ఒళ్లో అన్నారు. పరిగె, అనింది. పరిగె కదులుతాదా వదినా? కదిలే పరిగె దొరికింది, నా అదృష్టం, మీకేంది కడుపుమంట? అది అందరి వేట, అందరికీ పాలు రావల్ల అని ఒకడు లేచినాడు. బాలెక్క కొడవలి నడుముకు దోపుకోని, కోసిన చేలో నేలమీద మిగిలింది ఏరుకున్నదాని సొత్తా, కాదా? మన ఊర్లో అదే కదా కట్టుబాటు? పరిగె గింజల మీద రెడ్డే చెయ్యెయ్యడు, నువ్వేస్తావా? రా, వెయ్యి, అనింది. అందరూ రెడ్డి పక్క చూసినారు. రెడ్డికి నడుం పట్టేసింది. ఆడోళ్ల పరిగె గుంజుకున్నాడనిపించుకుంటే మానం పోతాదని, ఆమెదేలే పోండి, అన్నాడంట మూలుగుతా.

ఇంగ ఇంటికి తెచ్చింది. మేకపాలల్లో దీపం వత్తి తడిపి నోట్లో పెడితే చప్పరిస్తాండాయి. కుళ్లాయప్ప చూసి, నాకు కాపీలోకి పాలు లేవు గానీ వీటికున్నాయా అని సణిగినాడు గానీ, లోపల సంతోషమే. పెంచు పెంచు, ఇప్పుడేముంది, నాలిక్కి గూడా చాలవు, అనుకున్నాడంట. బాలెక్క వాటికి పేర్లు పెట్టింది. తినేసి పడుకునేదాని పేరు రెడ్డి. ప్రతి గడపా వాసన చూసి, యాడ ఏముందో కనుక్కునేదాని పేరు కరణం. ఇంగ చూడు, పొద్దన్నే ఈమె గొంతు వీధంతా. రెడ్డీ, మిగిలినోళ్లకు పెట్టకుండా అంతా నువ్వే తింటే పొట్ట పగిలి చస్తావు! ఒకసారి ఆ పక్క పోతాండే పెద్దిరెడ్డి ఆ మాట విని వాకిట్లో అట్లే నిలబడిపోయినాడంట. ఏం బాలెక్కా, ఎవర్ని అంటాండావు? మా చెవులపిల్లిని సామీ, పెద్దోళ్ల పేరు పెడితే పెద్దగవుతాయని పెట్టుకున్నా. పెద్దిరెడ్డి ఏమనల్ల? ఊఁ, బాగుంది, అని పైపంచె దులుపుకోని పోయినాడు.

పెద్దగనే అయినాయి. చెవులు ఇంతింత. అలసంద తీగ లేదు, ఉలవ కొన లేదు, అంతా నున్నగా తినేసినాయి. చాలక కరణం పోయి కుళ్లాయప్ప మంచం నులక కొరికింది. ఆయప్ప సంగటి తినొచ్చి మంచం మీద ఒరిగినాడో లేదో, నడుం కింద, కాళ్లు పైన. అంతే. ఈ పొద్దు పులుసే, నువ్వు అడ్డమొచ్చినా పులుసే, అని కట్టె తీసుకోని ఇంటి ఎనక దొడ్లోకి పోయినాడు.  బాలెక్క అడ్డం పోలేదు, గడపలో నిలబడి చూస్తాండాది. ఎందుకంటే ఆమెకొక సంగతి తెలుసు. మన వేటగాళ్లకు ఒక కట్టడి ఉండాది కదా, కూచున్నదాన్ని కొట్టగూడదు. లేపల్ల, అది పారల్ల, అప్పుడు కొట్టల్ల. కూచున్నదాన్ని కొడితే చెయ్యి పడిపోతాదని పెద్దోళ్లు పెట్టింది. కుళ్లాయప్ప పోయి, హోయ్ అని అరిచినాడు. అవి చెవులెత్తి చూసి, ఎవరో అనుకుంటిమి, మనాయప్పే కదా అన్నట్లు వచ్చి కాళ్ల కాడ కూచున్నాయి. కట్టె నేలకేసి కొట్టినాడు. కరణం వచ్చి ఆ కట్టెను వాసన చూసింది. రెడ్డి ఆయప్ప పాదం మీద గడ్డం పెట్టి పడుకునింది. ఏమే, ఇవి లేవవేమే? అన్నాడు. లేచే రకం కాదులే, కొట్టు, చెయ్యి పడిపోతే నేను తినిపిస్తా, అనింది. కుళ్లాయప్ప కట్టె దించేసినాడు.

అప్పటికి నవ్వింది గానీ, ఆమెకు సంగటి దిగలేదు. ఏం చెయ్యల్ల? పెట్టుకుందామా, నేను కూలికి పోయిన పొద్దు ఏ కుక్కో వచ్చి నోట కరుచుకోని పోతాది. అడివిలో వదిలేద్దామా, మనిషిని చూస్తే పాలు పోస్తాడనుకుంటాయి పాపిష్టివి, ఎదురుగా వచ్చే మొదటోని చేతుల్లోకి ఎగిరి కూచుంటాయి. ముద్దు చేసి చెడగొట్టినా కదా, అని తనను తానే తిట్టుకునింది. తిట్టుకోని తిట్టుకోని, మొగునితో ఏమనిందంటే, ఇదో, వీటికి పారేది నేర్పు. నేర్చుకుంటే గుట్ట కింద బీట్లో వదులుతా. పారేటప్పుడు కొట్టుకో, అడ్డం రాను. మసాలా నేనే నూరతా. నీ కట్టెకు దొరక్కుంటే వాటి దోవన అవి పోతాయి. కుళ్లాయప్ప ఎగిరి గంతేసినాడు. నా కట్టె నుంచి తప్పించుకునేది పుట్టిందా? సరే అన్నాడు. చూసినారా, ఆయప్పేమో తినేదానికి పారల్లంటాడు, ఆమేమో బతికేదానికి పారల్లంటాది. మొగుడూ పెండ్లాలు ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్క సంగతిలోనే అంట.

ఇంగ ఆ సదువు చూడల్ల మీరు. కుళ్లాయప్ప రేకు డబ్బా తెచ్చి డమడమా వాయించినాడు. అవి తాళానికి చెవులాడించినాయి. గొంగడి కప్పుకోని ఎలుగుబంటి మాదిరి మీదికి పోయినాడు. అవి గొంగడి కింద దూరి ఎచ్చగా నిద్రపోయినాయి. ఇట్ల కాదు, చేసి చూపిస్తేనే తెలుస్తాదని, పంచె ఎగజెక్కి, ఇదో, ఇట్ల పారల్ల అని తానే దొడ్డి సుట్టూ పరుగెత్తినాడు. అప్పుడు లేచినాయి రెండూ. లేచి ఆయప్ప ఎనక పడినాయి. ముందు కుళ్లాయప్ప, ఎనక రెడ్డి, ఆ ఎనక కరణం. ఊరంతా గోడలెక్కి చూస్తాండారు. ఏం కుళ్లాయప్పా, వేట మొదలుపెట్టినాయా? అంటాండారు. నవ్వేవాళ్లు నవ్వుతాండారు, ఆయప్ప రొప్పుతాండాడు. రోజూ ఇదే పని. అలసిపోయి కూలబడితే అవి వచ్చి తొడ మీదెక్కి కూచునేవి. అప్పుడు ఆయప్ప ఎవరన్నా చూస్తాండారేమో అని అటూ ఇటూ చూసి, చెవుల ఎనక గోకేవాడంట. అది మాత్రం బాలెక్క చూడలేదనుకున్నాడు. ఆమె చూడనిది ఏముంది ఆ ఇంట్లో?

ఇట్లయితే ఈ జన్మకు కాదని బాలెక్క ఆఖరుకు చీపురుకట్ట తీసింది. ఒక పొద్దు పాలకోసం రెండూ గునగునా వచ్చినాయి. ఎప్పటి మాదిరి వత్తి తీస్తాదని మూతులెత్తినాయి. ఆమె చీపురుతో నేల మీద ఫట్టుమని ఒకటేసింది. అవి తెల్లబోయి చూసినాయి. మళ్లీ దగ్గరికొచ్చినాయి. ఈసారి వీపు మీదే తగిలించింది. పోండి, ఎవరు మీకు అమ్మ, పోండి, అనింది. రోజూ అట్లే. కొన్నాళ్లకు ఏమైందంటే, బాలెక్క అలికిడి వింటే చాలు, రెండూ చెవులు వీపుకంటించుకోని దొడ్డి ఈ మూల నుంచి ఆ మూలకు సర్రున పారతాండాయి. ఇంగ కుళ్లాయప్పను చూసినా పారతాండాయి, కాకిని చూసినా పారతాండాయి. పాలు తాపిన చెయ్యిని చూసే మొదట భయపడినాయి చూడు. బాలెక్క చీపురు పక్కన పడేసి, మేక పక్కన కూచోని కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది.  కుళ్లాయప్ప దొడ్డి గోడ కాడ నిలబడి చూసి, చూడనట్లు పోయినాడు.

ఇంగ వదిలే పొద్దొచ్చింది. గుట్ట కింద బీడు. గంప ఎత్తుకోని బాలెక్క ముందు, కట్టె పట్టుకోని కుళ్లాయప్ప ఎనక. ఊర్లో పనీపాటా లేనోళ్లంతా వచ్చినారు. తన పేరున్న చెవులపిల్లి ఏమవుతాదో చూద్దామని పెద్దిరెడ్డి గూడా తన వేటకుక్కను పట్టుకోని వచ్చినాడు. బాలెక్క గంప ఎత్తింది. కరణం ఒక్క గంతులో పొదలోకి దూరింది. రెడ్డి మాత్రం నాలుగు దూకులు దూకి, నిలబడి, తిరిగి కూచోని బాలెక్క పక్క చూసింది. కుళ్లాయప్ప కట్టె పైకి లేచి అట్లే ఆగింది, కూచుంది కదా.  బాలెక్క రమ్మంటే వచ్చేస్తాది, ఒళ్లో కట్టుకోని ఇంటికి పోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిందంట. వచ్చిన మాట మింగి, గంపలోనే దాచి తెచ్చిన చీపురు తీసి నేలకేసి కొట్టింది. రెడ్డి లేచింది. పారింది. అదే అదనుగా పెద్దిరెడ్డి కుక్క తాడు గుంజుకోని దాని ఎనక పడింది. ఇంకొక్క దూకు, పట్టేస్తాది. కుళ్లాయప్ప కట్టె గిర్రున తిరుగుతా పోయింది. పోయి కుక్క ముందరి కాళ్లకు తగిలింది. కుక్క కుయ్యిమని పల్టీ కొట్టింది. చెవులపిల్లి గుట్టెక్కింది.

ఏం కుళ్లాయప్పా, గురి తప్పిందే, అన్నాడు పెద్దిరెడ్డి. వయసైపోయింది సామీ, చెయ్యి వణుకుతాంది, అన్నాడు ఈయప్ప తల వంచుకోని. జనం విరగబడి నవ్వినారు. బాలెక్క ఇంటికొచ్చి, ఇచ్చిన మాట కదా, అల్లం, తెల్లగడ్డలు, ధనియాలు వేసి ఘుమఘుమలాడే మసాలా నూరింది. నూరి వంకాయలు పులుసు పెట్టింది. కుళ్లాయప్ప సంగటి ముద్ద దాంట్లో అద్దుకోని తిని, చెవులపిల్లి పులుసంటే ఇట్లుండల్ల, అన్నాడంట. ఇంకో గరిటె వెయ్యమన్నాడంట.

అదప్పా సంగతి. ఇప్పటికీ మన చేలల్లో చెవులపిల్లి చూడండి, కాలు మీద పడేదాకా కదలకుండా కూచోనుంటాది. కూచుంటే కొట్టరని ఆ రెండూ పోయి మిగిలినవాటికి చెప్పింటాయి. మన వేటగాళ్లు ఈనాటికీ కుళ్లాయప్పను ఎగతాళి చేస్తారు, చెయ్యి వణికి గురి తప్పినాడని. చెయ్యి వణికినోని కట్టె, అంత దూరంలో పారే కుక్కకు, తలకూ నడుముకూ కాకుండా సరిగ్గా ముందరి కాళ్లకే ఎట్ల తగిలిందని ఒక్కడన్నా అడిగినాడా? మీరన్నా అడగలేదు.