అంకె పక్కన గడి

సభాధ్యక్షులైన పెద్ద డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, నా నసను ముప్పై ఒక్క ఏళ్లు ఓర్చుకున్న రికార్డుల గది మిత్రులకు, మొదటి వరుసలో కూర్చుని త్వరగా ముగించమని అప్పుడే సైగ చేస్తున్న మా అక్కకు నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా నన్ను మునగచెట్టు ఎక్కించారు. దిగే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. పదిహేనేళ్ల కిందట, రిపోర్టు ఒక్క కాగితంలో ఇమడటం లేదని అందరూ గొణుగుతుంటే, మన కొలత మనకు తెలిసిందేగా అనుకుని, అంకె పక్కన అది ఏ కొలతలోదో అచ్చువేసే గడిని తీసేసింది నేనే. కాగితం ఇమిడింది, అందరూ శభాష్ అన్నారు, నేనూ పొంగిపోయాను. నెల తిరక్కుండానే మా అక్కను ఇక్కణ్ణుంచి వేరే ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది. రిపోర్టులో షుగర్ ఇరవై రెండు అని ఉంది. మనం లెక్కేసే మిల్లీమోల్స్‌లో అది మితిమీరిన షుగర్. వాళ్లు లెక్కేసే మిల్లీగ్రాముల్లో ప్రాణం మీదికి తెచ్చేంత తక్కువ. గ్లూకోజ్ ఎక్కించబోతుంటే అక్కడి నర్సమ్మ, "ఆగండి, ఒక్కసారి వేలు గుచ్చి చూద్దాం" అంది. ఆవిడ అలా అనబట్టే ఇవాళ మొదటి వరుసలో అక్క కుర్చీ ఖాళీగా లేదు.

ఈ మాట అక్కకు ఇన్నేళ్లూ చెప్పలేదు. నోరు రాలేదు. చెప్పలేక పని చేశాను. మా గదిలో నలుగురం కూర్చుని, ప్రతి పరీక్షకూ అన్ని ఆసుపత్రులకూ ఒకటే గుర్తు పెట్టాం. పక్కన కొలత లేని అంకె గడప దాటకూడదన్నాం. కంప్యూటర్లో వెళ్లే రిపోర్టును దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి, రోగి ఒప్పుకున్న డాక్టరుకే తాళంచెవి ఇచ్చాం. మా పద్ధతి మాకుందన్న ప్రతి ఆసుపత్రి చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం.

పోయిన నెల అక్క పొరుగూళ్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఆంబులెన్సు చేరేలోపే ఆవిడ రిపోర్టులు, కొలతలతో సహా, అక్కడి డాక్టరు ముందున్నాయి. ఇక్కడ నేను కబురు తెలియగానే పరుగెత్తుకెళ్లి, మా గదిలోని అమ్మాయిని అవి తెరిచి చూపించమన్నాను.

"మీకు అనుమతి లేదు సార్."

సొంత తమ్ముణ్ణమ్మా అన్నాను. ఈ తాళం చేసిందే నేనన్నాను.

"అందుకే మీకు తెలిసుండాలి సార్."

ఆ పూట మండిపోయాను. సాయంత్రం అక్క గొంతు ఫోన్లో విన్నాక, నా ఉద్యోగం మొత్తానికీ అంత గర్వపడిన రోజు లేదనిపించింది. అమ్మా, ఆ మూలన నిలబడ్డావేం, ముందుకు రా. రేపట్నుంచి నా కుర్చీ ఈ అమ్మాయిదే. (చప్పట్లు)

అక్కా, తప్పు నాదే. (మొదటి వరుసలోంచి ఏదో మాట, నవ్వులు) వెనకవాళ్లకు వినపడలేదేమో, నేనే చెబుతాను. "అప్పట్లో నేను ఆ ఆసుపత్రి నుంచి వచ్చాక నెల రోజులు నా మొహంలోకి చూడలేకపోయావు, అప్పుడే తెలిసిందిరా" అంటోంది.

ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఇంత మన్నించిన మీకందరికీ కృతజ్ఞతలు. గది మీకు అప్పగించి వెళ్తున్నాను. ఆ గడి మాత్రం ఎవరూ తీయకండి. సెలవు.