పన్నెండు నెలలూ ఆరుబయటే

"దీన్ని చలి అంటారేమిట్రా నాయనా! నా ముందు ఆ మాట అనకండి, నవ్వొస్తుంది" అని మొదలుపెట్టాను ఆ రోజు కూడా.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందు మొదట్లోనే మన టీ బండి. సెంట్రల్ గవర్నమెంటులో అండర్ సెక్రటరీగా రిటైరైన దగ్గర్నుంచీ, రోజూ విష్ణుసహస్రనామం ముగించుకుని మూడింటికల్లా అక్కడికి చేరతాను. సివిల్స్ చదివే మన తెలుగు పిల్లలు నలుగురైదుగురు నా కోసం బెంచీ ఖాళీగా ఉంచుతారు. చెన్నకేశవులు అంకుల్ అంటే వాళ్ళకి అంత ఇది. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో చెబుతాను. అదో ఐదు నిమిషాలు. మిగతా గంటంతా నా కొండ కథే.

ఆ జనవరిలో తొమ్మిది రోజులుగా ఎండ లేదు. మాసిన దూదిలాంటి పొగమంచు సందుల్లో దిగి కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికే బండి దగ్గర దీపం వెలుగుతోంది.

బెంచీ మీద శివరామకృష్ణ ఉన్నాడు. భీమవరం వాడు, నాలుగో సారి పరీక్ష రాస్తున్నాడు, నోరు మాత్రం మొదటిసారే పాసైంది. పక్కన వైశాలి. వరంగల్లో డాక్టరు చదువు పూర్తిచేసి, అది చాలదన్నట్టు ఐఏఎస్‌కి వచ్చిన పిల్ల. చివర్న పృథ్వీరాజ్. నంద్యాల పిల్లవాడు, నోటి దాకా మఫ్లర్ చుట్టుకుని, కాళ్ళ మధ్య బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు.

"బ్యాగేంటి పృథ్వీ?"

"నైనితాల్ పోతాండా అంకుల్. ఆరింటికి ఆనంద్ విహార్‌లో బస్సు. మీరు చెప్తారే, ఆ కొండకే."

నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. అంతలో వైశాలి అందుకుంది.

"మందులు సగంల ఇడిచిపెట్టి పోతుండు అంకుల్. టీబీ. ఆర్నెల్ల కోర్సు, రెణ్ణెల్లకే బంద్ చేసిండు."

శివరామకృష్ణ తన గ్లాసుని, తనకే తెలియకుండా, కాస్త ఇటు జరుపుకున్నాడు. పృథ్వీ అది చూశాడు.

"మెల్లగా చెప్పక్కా" అన్నాడు వాడు. "రెండు నెలలు మింగినా కదా. దగ్గు తగ్గింది. కరోల్ బాగ్ సెంటర్లో వారానికి మూడుసార్లు పోయి, వాళ్ళ కళ్ళ ముందరే మింగాలంట. మింగినాక నోరు తెరిచి చూపియ్యాలంట, చిన్నపిల్లోని మాదిరి. ఆ లైన్లో నన్ను మన కోచింగోళ్ళు చూస్తే నా పక్కన ఎవడు కూర్చుంటాడు? రూము ఖాళీ చెయ్యమంటారు. కొండగాలికి పోతే అదే పోతాది." నా వైపు తిరిగాడు. "అంకుల్, మీరు అక్కడ ఉన్నన్ని దినాలు ఒక్క మాత్రైనా మింగినారా?"

పక్క బెంచీ వాళ్ళూ తలలు తిప్పారు. నలుగురు నా వైపు చూస్తే నా నాలుక నా మాట వినదు, అది నాకు ఎప్పటి నుంచో ఉన్న జబ్బు.

"మాత్రా? నేనా?" అన్నాను. "అహోబిలం నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నా, కొండమీద నాకు మందేమిటి, నన్ను చూసి మందులే ఆరోగ్యం తెచ్చుకున్నాయి!"

అందరూ నవ్వారు. వైశాలి నవ్వలేదు. నేను ఆగానా? ఆగలేదు.

"వినండి. అరవై ఎనిమిదో సంవత్సరం. నాకు ఇరవై నాలుగేళ్ళు. కొత్త ఉద్యోగం, నైనితాల్ అవతల చిన్న ఊరు, దేవదారు చెట్లు, దొరలు కట్టించుకున్న బంగళాలు. వెళ్ళగానే గది చూపించారు. నేను వద్దన్నాను. కొండమీదికొచ్చి గోడల మధ్య పడుకోవడానికి నాకేం ఖర్మ? ఇనపమంచం ఆరుబయట వేయించుకున్నాను. పన్నెండు నెలలూ అక్కడే. మొదటి రోజు తెల్లారుజామున కళ్ళు తెరుద్దును కదా, మంచానికి ఎదురుగా నందాదేవి శిఖరం, ఎర్రగా, హారతి ఇస్తున్నట్టు."

"ఇంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు శివరామకృష్ణ.

"ఆగవయ్యా, ఇది చైత్రమాసమే. వైశాఖంలో కాఫల్ పండ్లు వస్తాయి. మన నేరేడు పండులో సగం ఉంటుంది, ఎర్రగా, పుల్లగా. నా మంచం మీదికి ఓ కొమ్మ వంగి ఉండేది. పొద్దున్నే సుప్రభాతం అందుకుంటే, ఒక్కో పాదానికి ఒక్కో పండు తెగి, సరిగ్గా వచ్చి నా నోట్లో పడేది. పాదం తప్పు చదివితే పడేది కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చెట్టుకి మొత్తం నోటికొచ్చేసింది. నేను గొంతు బాగాలేక ఓ రోజు ఊరుకుంటే, అదే ఆకులు కదుపుతూ సుప్రభాతం చదువుకుని, నా నోట్లో పండ్లు వేసింది!"

"గోవిందా! క్యూ కూడా లేకుండా ప్రసాదం" అన్నాడు శివరామకృష్ణ. బండి భయ్యా భాష తెలియకపోయినా పండ్ల అభినయం చూసి పళ్ళికిలించాడు.

"ఇహ వర్షాకాలం. అక్కడ వాన పడదు నాయనా, మబ్బే దిగొస్తుంది. ఓ రోజు పిల్ల మబ్బు ఒకటి దారి తప్పి నా మంచం మీదికి ఎక్కింది. వణుకుతోంది పాపం. దుప్పటి కప్పాను. పొద్దున లేచేసరికి కరిగిపోయి, ఊరంతటికీ మూడు రోజుల స్నానాలకి సరిపోయింది. ఇంక జలగలు! వేలెడు జలగ ఒకటి మంచం కోడు పట్టుకుని పైకొచ్చి నా కాలు పట్టింది. కొండగాలి పీల్చిన రక్తం కదా, తాగిన కొద్దీ మూరెడైంది, బారెడైంది, చివరికి పడగ విప్పి పామై, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది."

"అంకుల్, శరత్కాలం కూడా కానివ్వండి" అని పక్క బెంచీ నుంచి ఎవరో.

"ఎందుకు కానివ్వను! కార్తీకం వచ్చాక గాలి గాజులా ఉంటుంది. మంచం మీద లేచి కూర్చుని 'నరసింహా' అని ఒక్క కేక వేశాను. అది కొండ నుంచి కొండకి తగులుకుంటూ బదరీనాథ్ దాకా పోయి, దర్శనం చేసుకుని, మూడో రోజుకి తిరిగొచ్చింది. కాస్త జలుబు చేసింది దానికి, అంతే."

ఎంత నవ్వారని! పుస్తకాలు పట్టుకుని అటుగా పోతున్న వాళ్ళూ ఆగారు. నాకింకేం కావాలి?

"ఆ జనవరి రాత్రి సంగతి చెప్పనా? మంచు మోకాలి లోతు. లోపలికి రమ్మని అందరూ బతిమాలారు. నేను కదల్లేదు. అర్ధరాత్రి మంచం కింద గురగురమని చప్పుడు. వంగి చూస్తే చిరుతపులి! చలికి ముడుచుకుని పడుకుంది. సగం దుప్పటి కిందికి వదిలాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు మెల్లగా జారడం మొదలుపెట్టింది. మంచం, మంచం మీద నేను, మంచం కింద అది, అందరం కలిసి లోయలోకి. నైనితాల్ చెరువు గడ్డకట్టి ఉంది. మంచం దాని మీద మూడు ప్రదక్షిణాలు చేసింది. నేను నరసింహ మంత్రం చదువుతుంటే, చిరుత కింద నుంచి తాళం వేస్తోంది. ప్రదక్షిణాలయ్యాక ఆ మంచం, స్వామి మహిమ చూడండి, వెనక్కి కొండెక్కి, నాలుగు కోళ్ళూ ఎక్కడి గుంటల్లో అక్కడ పెట్టుకుని నిలబడింది. తెల్లారి నాకు తుమ్మైనా రాలేదు!"

చప్పట్లు పడ్డాయి. నిజంగానే పడ్డాయి.

పృథ్వీ ఒక్కడే నవ్వలేదు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

"అయితే ఈ చలికాలంలో పోవడమే మంచిది, అవునా అంకుల్? బయట పండుకుంటే ఇంకా తొందరగా తగ్గుతాదేమో" అని లేచాడు. బ్యాగు భుజానికి వేసుకున్నాడు.

వాడికి పులి మీదా జలగ మీదా నమ్మకం లేదు, నాకు తెలుసు. కానీ ఒక్క మాత్ర కూడా వద్దన్న మాట నమ్మాడు. కథలో వాడికి కావలసింది అదొక్కటే.

"ఒక్క డౌట్ అంకుల్" అంది వైశాలి. గొంతు పెంచలేదు. "పండ్లు మంచం మీదనే రాలినయ్. మబ్బు మంచం మీదికే వచ్చింది. జలగ మంచం కోడు ఎక్కింది. పులి మంచం కింద. ఆఖరికి చెరువుకి పోయిన్రు, మంచం మీదనే పోయిన్రు. ఏడాదంత కొండల్ల తిరిగినోళ్ళు, ఒక్క అడుగు నడిచినట్టు గూడ చెప్పలేదేంది?"

శివరామకృష్ణ నవ్వు సగంలో ఆగింది.

"మా ప్రొఫెసర్ చెప్పేటోడు" అంది ఆ పిల్ల. "అప్పట్ల టీబీ వచ్చినోళ్ళని కొండమీది ఆస్పత్రుల్ల ఏడాది పొడుగునా వరండాలనే పండుకోబెట్టేటోళ్ళంట. ఎండైనా, మంచు కురిసినా. లేవనిచ్చేటోళ్ళు కాదంట." ఇంకా మెల్లగా అడిగింది. "ఎన్ని నెలలున్నరు అంకుల్?"

ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఎవరూ నన్నీ ప్రశ్న అడగలేదు. నాలుక చివర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి, మూడూ నవ్వించేవే. ఏది చెప్పినా బెంచీ మళ్ళీ నాదే అవుతుంది. పృథ్వీ బ్యాగు పట్టీ సర్దుకుంటున్నాడు. నరసింహస్వామి పేరు మీద ఒట్టు వేశానే అని అప్పుడు గుర్తొచ్చింది.

"పద్నాలుగు" అన్నాను.

పక్క బెంచీ వాళ్ళు ఒక్కొక్కరే పుస్తకాలు తీసుకుని లేచారు. కోతల కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళని అనేదేముంది.

"కూర్చో పృథ్వీ. ఒక్క మాత్రైనా మింగారా అన్నావు. రోజూ ఇంజెక్షను, తొంభై రోజులు. తర్వాత మాత్రలు, ఏడాది దాటి. ఆ ఇంజెక్షన్లకే నా ఎడమ చెవి పోయింది. మిమ్మల్నెప్పుడూ కుడివైపు కూర్చోమంటానే, దానికే. ఉద్యోగంలో చేరిన ఆర్నెల్లకి రక్తం కక్కుకున్నాను. తిరిగొచ్చాక పెళ్ళి కుదిరింది. ఏడాది ఎక్కడున్నావని వాళ్ళడిగితే, కొండమీద డ్యూటీ అన్నాను. ఏం చేసేవారు అక్కడ అని మా ఆవిడ రాజేశ్వరమ్మ మొదటి రోజే అడిగింది. ఆరుబయట తిరిగేవాణ్ణి, పండ్లు తినేవాణ్ణి అన్నాను. తనకి ఈ రోజుకీ తెలీదు. అలా మొదలైంది ఈ కథ."

టీ చల్లారిపోయింది. ఎవరూ తాగడం లేదు.

"నా పక్క మంచం అంకయ్యది. గూడూరు వాడు, రైల్వేలో పని. ఆ వార్డులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మూడో నెలకి వాడికి దగ్గు తగ్గింది, కాస్త ఒళ్ళు చేశాడు. మాత్రలు పరుపు కింద దాచేసేవాడు. అందరం పడుకునే రెస్టు టైములో కంచె దాటి కొండెక్కి, జేబుల నిండా కాఫల్ పండ్లు తెచ్చి పంచేవాడు. అక్కడ ఎలుగుబంటిని చూశాను, ఇక్కడ మబ్బుని తొక్కాను అని చెబుతుంటే మంచాల మీది వాళ్ళందరం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. నవ్వితే దగ్గొచ్చేది, అయినా నవ్వేవాళ్ళం. నాకు వాడంటే ఎంత అసూయ ఉండేదని! వర్షాలకి వాడికి మళ్ళీ రక్తం పడింది. మళ్ళీ మందులు మొదలుపెట్టారు. ఈసారి అవి పని చెయ్యలేదు. ఎక్కించిన మందు నీళ్ళలా పోయేది."

పృథ్వీ నిలబడే వింటున్నాడు.

"జనవరిలో నిజంగానే మంచు పడింది. దుప్పటి మీద దులుపుకుంటూ పడుకున్నాం. తెల్లారుజామున నలుగురొచ్చి అంకయ్య మంచాన్ని లోపలికి తోసుకెళ్ళారు. ఆ వరండాలోంచి మంచాన్ని లోపలికి తీసుకెళితే దానర్థం ఏమిటో మా అందరికీ తెలుసు. నేను అటు తిరిగి సుప్రభాతం చదువుకున్నాను. బయటికి గొంతు రాలేదు."

పృథ్వీ బెంచీ మీద కూర్చున్నాడు. బ్యాగు భుజానే ఉంది. శివరామకృష్ణ టీ బండి భయ్యాకి నాలుగు వేళ్ళు చూపించి టీలు చెప్పి, వచ్చి పృథ్వీకి ఆనుకుని కూర్చున్నాడు.

"పద్దెనిమిది దినాలాయె మింగక" అన్నాడు పృథ్వీ, కిందికి చూస్తూ. "మళ్ళా మొదటి నుంచి మొదలుపెట్టాల్నా అక్కా?"

"నాకు తెల్వదు. మళ్ళీ పరీక్ష చేసి వాళ్ళే చెప్తరు. రేపు పొద్దున తొమ్మిదికి తెరుస్తరు."

"ఆ లైన్లో నేనొక్కణ్ణే నిలబడలేనక్కా."

పృథ్వీ నా వైపు చూశాడు. నవ్వించమని కాదు.

"అంకుల్ వస్తే వస్తా."

కరోల్ బాగ్! నాతో పని చేసినవాళ్ళలో సగంమంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. రాజేశ్వరమ్మ కూరగాయలకి వెళ్ళేదీ ఆ వీధిలోనే. పట్టపగలు, టీబీ సెంటర్ ముందు లైన్లో, అండర్ సెక్రటరీగా రిటైరైన చెన్నకేశవులు.

"తెలిసినవాళ్ళెవరైనా కనబడి, ఏమిటి చెన్నకేశవులు గారూ ఇక్కడ, అంటే?" అన్నాను వైశాలితో. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "నేనేం చెప్పనమ్మా?"

"ఏం చెప్పొద్దు అంకుల్" అంది ఆ పిల్ల. "ఊకె నిలబడుండ్రి."